హుద్‌హుద్ తరువాత మాస్టారి కోసం ఏడు మెగాహెర్ట్జ్‌లో

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతోందన్న వార్త వచ్చిన ప్రతిసారీ, మా హామ్ రేడియో బృందంలో కొత్తగా చేరినవారు తీరప్రాంతంలో ఉన్న మిత్రుల గురించి ఆదుర్దాగా అడగడం మొదలుపెడతారు. ఆ ఆదుర్దాను నేను తప్పుపట్టను. అయితే తుఫాను దాటిన తరువాత ఒక మిత్రుడి గొంతు వినబడనప్పుడు మిగిలినవారు ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు అన్న విషయం మాకు 2014 అక్టోబరులో, విశాఖపట్నం మీదికి హుద్‌హుద్ వచ్చినప్పుడు తెలిసివచ్చింది. అప్పటి సంగతులను ఒకచోట రాసిపెట్టమని మిత్రులు చాలాకాలంగా కోరుతున్నారు కనుక ఈ వ్యాసం.

హామ్ రేడియో అంటే తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, తమకంటూ ఒక కాల్‌సైన్, అంటే ప్రసారంలో తమను గుర్తించే అక్షరాలు, అంకెల గుర్తు, కలిగి, సొంత రేడియోతో ఇతర హామ్‌లతో మాట్లాడుకునే అభిరుచి ఇది. ఇందులో డబ్బు ప్రసక్తి లేదు. ఉండకూడదని నిబంధన కూడా ఉంది. మా బృందంలో బ్యాంకు ఉద్యోగులు, రైతులు, ఇంజినీర్లు, వైద్యులు ఉన్నారు. ఉదయం కాఫీ వేళకు నలభై మీటర్ల బ్యాండులో, అంటే ఏడు మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, అందరం కలుస్తాము. ఆ కలయికను నెట్ అంటాము. ఎవరు ముందు మాట్లాడాలో చెప్పే వ్యక్తి నెట్ కంట్రోల్. విశాఖపట్నం పెదవాల్తేరులో ఉండే ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులు ఈ నెట్‌కు పెద్దదిక్కు. కాల్‌సైన్ ఏదైనా, మా అందరికీ ఆయన మాస్టారే. కొత్తవారికి ఎంటెన్నా లెక్కలు నేర్పినదీ, చుక్కలు, గీతల సంకేతభాష అయిన మోర్స్ సాధన చేయించినదీ, మాట తూలినప్పుడు మందలించినదీ ఆయనే.

హుద్‌హుద్ అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్లు దాటింది. అంతకుముందు కూడా తుఫానులు ఎన్నో వచ్చాయి కానీ, ఒక మహానగరం నడినెత్తి మీదుగా తుఫాను కన్ను సాగిపోవడం మా తరానికి కొత్త. కన్ను దాటుతున్నంతసేపు గాలి సద్దుమణిగిందనీ, గండం గడిచిందనుకుని కొందరు డాబాల మీదికి ఎక్కి చూశారనీ, ఆ వెనుకనే ఎదురు దిక్కు నుంచి గాలి మళ్ళీ విరుచుకుపడిందనీ అక్కడివారు తరువాత చెప్పారు. విద్యుత్తు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, పచ్చని కైలాసగిరి బోడిగా మిగిలింది. పంపులకు కరెంటు లేక కుళాయి నీళ్ళు కూడా ఆగిపోయాయి. హైదరాబాదులో కూర్చున్న మాకు ఇవేవీ అప్పటికి పూర్తిగా తెలియవు. తెలిసినదల్లా ఒక్కటే: ఆదివారం ఉదయం నెట్‌లో గాలి పెరుగుతోందనీ, ఎంటెన్నా తీగను రేడియో నుంచి విడదీస్తున్నాననీ చెప్పి సెలవు తీసుకున్న మాస్టారు సోమవారం ఉదయం నెట్‌కు రాలేదు.

ఇక్కడ బయటివారికి సహజంగా కలిగే సందేహం ఒకటి ఉంది. ఫోన్లు పనిచేయనప్పుడు పనికివచ్చేదే హామ్ రేడియో అయినప్పుడు, హామ్ అయిన మనిషి మౌనంగా ఉన్నాడంటే ఏదో జరగరానిది జరిగిందనే కదా అర్థం? మా బృందంలో కొందరికి కూడా అదే భయం పట్టుకుంది. నిజానికి తుఫాను ముందుగా పట్టుకుపోయేది ఎంటెన్నానే. నలభై మీటర్ల బ్యాండుకు మేము కట్టే డైపోల్ ఎంటెన్నా అంటే దాదాపు ఇరవై మీటర్ల పొడవున్న తీగ. దానిని ఎంత ఎత్తున కడితే అంత మంచిదని ఏడాది పొడవునా మేమే ఒకరికొకరు చెప్పుకుంటాము. అంత ఎత్తున, అంత పొడవున, గాలికి అడ్డంగా కట్టిన వస్తువు ఆ గాలిలో మిగిలి ఉంటేనే ఆశ్చర్యపడాలి. ఎంటెన్నా మిగిలినా విద్యుత్తు ఉండదు. వంద వాట్ల రేడియో మాట్లాడేటప్పుడు పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి ఇరవై ఆంపియర్ల వరకు లాగుతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఇన్వర్టర్ బ్యాటరీతో, చార్జింగ్ దారి లేనప్పుడు, ఎంతసేపని మాట్లాడగలరు?

దీనికి తోడు అయనావరణం, అంటే రేడియో తరంగాలను తిరిగి నేలవైపు వంచే ఎత్తైన వాతావరణ పొరల, స్వభావం ఒకటి. విశాఖ, హైదరాబాదుల మధ్య సరళరేఖలో సుమారు 500 కిలోమీటర్లు. పగటిపూట ఏడు మెగాహెర్ట్జ్ తరంగం పై పొరలను తాకి వంగి, ఆ దూరంలో చక్కగా దిగుతుంది. చీకటి పడ్డాక అదే తరంగం మనల్ని దాటుకుని ఎక్కడో దూరాన దిగుతుంది. అప్పుడు ఎనభై మీటర్ల బ్యాండుకు మారాలి, దానికి రెట్టింపు పొడవైన తీగ కావాలి. ఊరి మధ్య ఇళ్ళలో అంత తీగ కట్టే చోటు ఎవరికుంటుంది? అందువల్ల రాత్రంతా మేలుకుని పిలిచినా మాస్టారి జవాబు వినబడే అవకాశం చాలా తక్కువ. ఈ లెక్కలన్నీ మాకు తెలుసు. మాకు నేర్పినవారు కూడా ఆయనే. అయినా ఆ ఆదివారం రాత్రి బృందంలో నిద్రపోయినవారు తక్కువ.

సోమవారం నెట్ కంట్రోల్ బాధ్యత రాజమహేంద్రవరంలోని మిత్రుడిది. ఆయన చేసిన మొదటి పని అందరినీ నోరు మూసుకుని వినమనడం. మాట కటువుగానే ఉంది. కానీ అప్పటికి విశాఖ నుంచి, ఇతర జిల్లాల నుంచి హామ్‌లు బ్యాటరీల మీద అధికారుల సందేశాలు మోయడం మొదలుపెట్టవచ్చు. బలహీనంగా వచ్చే ఆ సంకేతాల మీద మా పిలుపులు పడితే అవి వినబడకుండా పోతాయి. ఒకరి క్షేమం తెలుసుకోవాలన్న తాపత్రయంతో నలుగురు ఒకేసారి మైకు నొక్కితే, ఆ వేళకు మరొక ఊరికి మందులు కావాలన్న కబురు ఆగిపోవచ్చు. మామూలు రోజుల్లో మూడో వ్యక్తి తరఫున సందేశాలు పంపడానికి మన అమెచ్యూర్ రేడియో, అంటే హామ్ రేడియో, నిబంధనలు ఒప్పుకోవు. ప్రకృతి వైపరీత్యాల వేళ మాత్రం అధికారుల కోసం ఆ సడలింపు ఉంది. అటువంటి సమయంలో ఫ్రీక్వెన్సీ అంబులెన్సు వెళ్ళే దారి వంటిది.

ఈ క్రమశిక్షణకు మా ముందు ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం పోర్ట్‌బ్లెయిర్ వెళ్ళింది. అండమాన్ దీవుల నుంచి ఏళ్ళ తరబడి హామ్ ప్రసారాలు లేకపోవడంతో, ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు ఆ కాల్‌సైన్‌తో ఒక్కసారి పలకరింపు దొరికితే చాలని పోటీపడి పిలుస్తున్నారు. డిసెంబరు 26 ఉదయం భూకంపం, ఆ వెంటనే సునామీ. ఆమె అభిరుచి కార్యక్రమాన్ని అక్కడికక్కడే ఆపి, సహాయ సమాచారానికి రేడియోను అప్పగించారు. దీవులలో ఉన్నవారి క్షేమసమాచారం ప్రధాన భూభాగానికి ఆ విధంగా చేరింది. ఆమె గురించి ఎక్కువమంది చెప్పుకోవడం సబబే. నాకు మాత్రం అవతల ఉన్నవారు కూడా గుర్తుకువస్తారు. అరుదైన ఆ పలకరింపు కోసం నిరీక్షించిన వేరేదేశాల హామ్‌లు తమ కోరికను పక్కనపెట్టి ఆ ఫ్రీక్వెన్సీకి దూరంగా జరగకపోతే, ఆమె పని అంత సాఫీగా జరిగేది కాదు.

మళ్ళీ మాస్టారి విషయానికి వస్తాను. మేము చేసిన ఏర్పాటు చాలా చిన్నది. విశాఖతో ఎవరికైనా సంబంధం దొరికితే, అక్కడివారికి తీరిక ఉన్నప్పుడు, మా అందరి తరఫున నెట్ కంట్రోల్ ఒక్కరే ఒక్కసారి అడగాలి. మిగిలినవారు పగలంతా వంతులవారీగా వినాలి. అయిదు నిమిషాలకొకసారి గడియారం చూసుకుంటూ హిస్ శబ్దాన్ని వింటూ కూర్చోవడం ఎంత కష్టమో, చేసినవారికే తెలుస్తుంది. దానికన్నా కష్టమైన పని ఇంకొకటి నా మీద పడింది. మాస్టారి కుమార్తె అమెరికాలో, డాలస్‌లో ఉంటారు. తండ్రి ఫోను మోగక, పక్కింటివారి ఫోనూ మోగక, ఎప్పుడో తండ్రి ఇచ్చిన నా నంబరు వెతికి పట్టుకుని ఆమె పిలిచారు. "అంకుల్, నాన్న రేడియోలో మాట్లాడారా?" అన్నదే ఆమె మొదటి ప్రశ్న.

"బాగానే ఉంటారమ్మా" అని అనేయడం ఎంతో తేలిక. అలా అనవద్దని మేము ముందే అనుకున్నాము. విన్నది మాత్రమే చెప్పాలి, ఊహించినది చెప్పకూడదు. కనుక ఆయన ఆదివారం ఉదయం ఏ మాటలు చెప్పి సెలవు తీసుకున్నారో ఉన్నవున్నట్లు చెప్పాను. ఎంటెన్నా ముందే విడదీశారంటే ఆయన సిద్ధపడి ఉన్నారన్నమాటేనని వివరించాను. ఎంటెన్నా ఎందుకు నిలవదో, బ్యాటరీ ఎందుకు చాలదో ఓపికగా చెప్పాను. విషయం అర్థమైన కొద్దీ ఆమె గొంతు కుదుటపడింది. ఇంజినీరింగ్ చదివిన పిల్ల కాబట్టి ఆంపియర్ల లెక్క ఆమే వేసుకుంది. అదే సమయంలో, పేరు తెలియని ఎవరో పంపిన పాత వరద ఫొటో ఒకటి "పెదవాల్తేరు" అన్న శీర్షికతో ఆమె ఫోనుకు వచ్చింది. అది విశాఖ కానే కాదని ఆమెకు నచ్చజెప్పడానికి రేడియో విషయం చెప్పడానికన్నా ఎక్కువసేపు పట్టింది.

మంగళవారం మధ్యాహ్నం శ్రీకాకుళం వైపు మిత్రుడొకరు నెట్‌లోకి వచ్చి, బ్యాండు అడుగుభాగంలో ఎవరో చాలా తక్కువ శక్తితో మోర్స్ కొడుతున్నారని చెప్పారు. అందరం అక్కడికి వెళ్ళాము. మాట అర్థం కాని చోట కూడా మోర్స్ అర్థమవుతుంది. అయిదు వాట్లు చాలు. రాతలో దస్తూరీ ఉన్నట్లే మోర్స్‌లోనూ ఎవరి చేతి తీరు వారికి ఉంటుంది. మాస్టారు కాల్‌సైన్ చివరి గీతను కాస్త సాగదీస్తారు. పరీక్షలో అయితే తప్పని మాకు చెప్పి, తాను మాత్రం మానుకోని అలవాటు. కాల్‌సైన్ పూర్తికాకముందే రాజమహేంద్రవరం మిత్రుడు "ఆయనే" అన్నాడు. సందేశం క్లుప్తంగా ఉంది: కుటుంబం క్షేమం, ఇల్లు నిలిచింది, బ్యాటరీ తక్కువ, రేపు ఇదే సమయం. మేము అందినట్లు ఒక్క జవాబు పంపాము. అడగాలనుకున్న ప్రశ్నలు ఎన్నో ఉన్నా ఇంకెవరూ మోర్స్ కొట్టే కీ ముట్టుకోలేదు. డాలస్‌లో అప్పటికి తెల్లవారలేదు. అయినా ఆమె మొదటి రింగుకే ఫోను ఎత్తారు.

అసలు సంగతి తరువాత తెలిసింది. ఆయన రేడియోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి బీరువాలో పెట్టారు కాబట్టి దానికేమీ కాలేదు. డాబా మీది ఇనుప గొట్టం మొదటి గాలికి వంగింది, కన్ను దాటాక వచ్చిన గాలికి విరిగింది. కేబుల్ లోపలికి నీరు చేరింది. ఇవన్నీ మేము ఊహించినవే. ఊహకు అందనిది బ్యాటరీ విషయం. పక్కింట్లో ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దావిడ ఉన్నారు. నెబ్యులైజర్ యంత్రానికి కరెంటు లేదు. మాస్టారు తన ఇన్వర్టర్‌ను, బ్యాటరీతో సహా, ఆదివారం రాత్రే వారింటికి మోయించారు. మోటార్లు చుట్టే రాగి తీగ ఒక చుట్ట ఇంట్లో ఉంటే, దానితో పెరటి గోడకూ కిటికీ ఊచకూ మధ్య వంకరగా ఒక ఎంటెన్నా కట్టుకుని, స్కూటరు బ్యాటరీతో తన చిన్న మోర్స్ సెట్టును నడిపారు. మేము ఇక్కడ కంగారుపడుతున్నంతసేపు ఆయన మా గురించి ఏమనుకున్నారని ఒకసారి అడిగాను. "వింటూ ఉంటారని తెలుసునండి" అన్నారు, మరేమీ అనలేదు.

జాతీయ రహదారి మీద కూలిన చెట్లను తొలగించాక, రాజమహేంద్రవరం మిత్రుడు కారులో మంచినీళ్ళు, పాలపొడి, కొవ్వొత్తులు, చార్జి చేసిన బ్యాటరీ ఒకటి తీసుకుని వెళ్ళివచ్చాడు. రేడియో సామాను ఏమి కావాలని ముందుగా మోర్స్‌లో అడిగితే, కేబుల్ సంగతి తరువాత చూద్దాం, దోమల చక్రాలు తెమ్మని జవాబు వచ్చింది. పాల ప్యాకెట్టు ధర రెట్టింపు దాటిన రోజులు, పెట్రోలు బంకుల ముందు గంటల తరబడి వరుసలు నిలిచిన రోజులు అవి. సహాయం చేయాలనుకున్నవారు తమకు ఇష్టమైనది కాకుండా అవతలివారు అడిగినది పంపడం మంచిదని నా అభిప్రాయం.

అప్పటి నుంచి తుఫాను హెచ్చరిక వచ్చిన వెంటనే తీరంలోని సభ్యుల నుంచి నెట్ కంట్రోల్ కొన్ని వివరాలు రాసుకుంటారు. పగటిపూట ఏ వేళకు ఏ ఫ్రీక్వెన్సీలో వినాలి, ఎంతకాలం వినబడకపోతే ఎవరిని సంప్రదించాలి, దూరాన ఉన్న బంధువులలో ఎవరికి కబురు చెప్పాలి అన్నవి అందులో ఉంటాయి. ఆ కాగితం నెట్ కంట్రోల్ దగ్గరే ఉంటుంది, బృందమంతటికీ పంచరు. ఒక్క విషయంలో మాత్రం మాకు ఏకాభిప్రాయం కుదరలేదు. ప్రతి సభ్యుడూ ఒక బ్యాటరీని రేడియో కోసమే విడిగా ఉంచుకోవాలని మేము ఒక నియమం పెట్టాము. మాస్టారు దానికి ఒప్పుకోరు. పక్కింట్లో మనిషి ఊపిరాడక బాధపడుతుంటే ఆ బ్యాటరీ ఏ నియమం కింద ఇంట్లో ఉంచుకోమంటారని ఆయన అడుగుతారు. అందుకే రెండు బ్యాటరీలు ఉంచుకోమంటున్నామని మేమంటాము. పక్కిళ్ళు కూడా రెండున్నాయని ఆయన అంటారు.