టీచరమ్మకి ఆ టెస్టు ఎవరు రాస్తారు?

నాకు హెచ్ఐవీ ఎలా వచ్చిందో ఈ పోస్టులో ఉండదు. అది తెలుసుకోవాలని వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఎంత ఆలస్యంగా బయటపడిందో, ఆ ఆలస్యం నా ఒంటికి ఏం చేసిందో మాత్రమే రాస్తున్నాను.

ముందు నడుము చుట్టూ సర్పి లేచింది. మా అత్తగారు ఎర్రమన్ను పూయించారు, డాక్టరుగారు మాత్రలు రాశారు, తగ్గింది. మరుసటి ఏడాది నోట్లో తెల్లపూత. వేడి చేసిందన్నారు, బీకాంప్లెక్స్ వేసుకోమన్నారు. ఆ తర్వాత బరువు తగ్గడం మొదలైంది. స్టాఫ్‌రూములో అందరూ "ఏం డైట్ మేడమ్?" అని అడిగేవాళ్లు. షుగర్, థైరాయిడ్, ఎండోస్కోపీ, అన్నీ చేయించాను. ఒక్కో బాధకి ఒక్కో డాక్టరు. ఈ మూడూ ఒకే మనిషికి ఎందుకొచ్చాయని కలిపి చూసినవాళ్లు లేరు.

ఎందుకు చూస్తారు? యాభై దాటిన మనిషిని, భర్త పోయి చాలా ఏళ్లయింది, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అనుమానం వచ్చినవాళ్లు కూడా అడగడానికి మొహమాటపడి ఉంటారు. అదే లారీ డ్రైవరైతే మొదటిరోజే రాసేవాళ్లు. గర్భంతో ఉన్నప్పుడైనా దొరికేదేమో అంటే, మా అబ్బాయి పుట్టింది 1996లో. గర్భిణులకు ఈ పరీక్ష చేసే ప్రభుత్వ కార్యక్రమం 2002లో గానీ మొదలవలేదు.

చివరికి పట్టుకుంది కంటి డాక్టరు. కుడికంటి ముందు నల్లటి చుక్కలు ఈదుతుంటే అద్దాలు మార్చాలేమో అని వెళ్లాను. ఆవిడ మందు చుక్కలు వేసి చాలాసేపు చూసి, మా అబ్బాయిని బయట కూర్చోమన్నారు. నా ఒప్పుకోలు తీసుకుని టెస్టు రాశారు. ఒప్పుకోలు లేకుండా ఈ పరీక్ష చేయకూడదని 2017 నాటి చట్టమే ఉందని నాకప్పుడు తెలియదు. ఆవిడ మర్యాద అనుకున్నాను.

సీడీ4 కౌంటు, అంటే హెచ్ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క, 38 వచ్చింది. మామూలుగా 500 పైన ఉండాలి, 200 లోపు పడితే జబ్బు బాగా ముదిరినట్టు. సైటోమెగలో వైరస్ అని ఒకటుంది. పెద్దవాళ్లలో చాలామంది ఒంట్లో అది చడీచప్పుడు లేకుండా పడి ఉంటుంది. సీడీ4 50 కంటే దిగజారితే మాత్రం లేచి కంటి వెనక ఉండే తెరని, అదే రెటీనాని, తినేస్తుంది. కంట్లోకే గాన్‌సైక్లోవిర్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఎడమకన్ను దక్కింది. కుడికంట్లో పోయిన భాగం పోయినట్టే, మందులతో తిరిగొచ్చేది కాదు.

హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో వెంటనే మాత్ర చేతిలో పెడతారనుకున్నాను. ముందు టీబీ ఉందేమో, క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉందేమో చూడాలన్నారు. అవి లోపల ఉండగా మందు మొదలుపెడితే, కొత్తగా బలం పుంజుకున్న రోగనిరోధక శక్తి వాటిమీద ఒక్కసారిగా విరుచుకుపడుతుందట. ముఖ్యంగా మెదడు పొరల్లో ఉంటే ఆ వాపు ప్రాణం మీదికే వస్తుంది. నాకు అవి లేవు. కానీ మందు పనిచేయడం మొదలయ్యాక కుడికన్ను ఎర్రబడి, మిగిలిన చూపు కూడా మసకబారింది. కోలుకుంటున్నందుకు వచ్చిన వాపు అన్నారు! స్టెరాయిడ్ చుక్కలతో సర్దుకుంది. ఈ టెన్షన్ గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే రాస్తున్నాను. తొందరగా తెలిసినవాళ్లలో చాలామందికి ఇదంతా ఉండదు, రోజుకో మాత్రతో గడిచిపోతుంది.

మా అబ్బాయికి నెగటివ్. నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, ఇప్పుడు టెస్టులో కనిపించనంత తక్కువ. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో, ఈ పరీక్ష ఉచితం, ముందూ వెనకా కౌన్సెలర్ మాట్లాడతారు. ఫోన్లో అడగాలంటే 1097. సర్పి, నోటిపూత, బరువు తగ్గడం వరుసగా వస్తుంటే మీరే నోరు తెరిచి అడగండి, డాక్టరు మొహమాటం వదిలేదాకా ఆగకండి.

రాత్రి మాత్రతో పాటు నేను రోజూ కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా వేసుకుంటున్నాను, వేరే ఇన్ఫెక్షన్లు రాకుండా. సీడీ4 రెండుసార్లు 350 దాటితే అది ఆపేస్తామన్నారు. మొన్న వచ్చింది 262.