‘హ్యావ్’ క్రియ: ఐఈఎల్‌టీఎస్ ప్రిపరేషన్‌లో నేను దిద్దుకున్న తప్పులు

రష్యాలోని త్వేర్ నగరంలో ఎంబీబీఎస్ చదువుతూ నేను ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షకు సిద్ధమవుతున్న రోజుల్లో, మేము అద్దెకున్న ఇంటి యజమానురాలి కొడుకు పదకొండో తరగతి ముగిస్తూ ‘యెగే’కు చదువుతున్నాడు. రష్యాలో పాఠశాల చదువు పూర్తికీ, విశ్వవిద్యాలయ ప్రవేశానికీ లెక్కలోకి వచ్చే ఉమ్మడి పరీక్ష అది. ఇంగ్లీషు పేపరుకు 100 మార్కులుంటాయి, గట్టెక్కడానికి కనీసం 22 రావాలి. వ్యాకరణ విభాగంలో వాక్యం పక్కన పెద్ద అక్షరాలలో ఒక పదం ఇచ్చి, అవసరమైతే దాని రూపం మార్చి ఖాళీలో రాయమంటారు. ఒక సాయంత్రం వంటింటి బల్ల మీద అతని అభ్యాస పత్రం చూశాను. ‘హ్యావ్’ అని ఇచ్చినచోట, ‘హ్యాజ్’గా మార్చకుండా ‘మై ఫ్రెండ్ హ్యావ్ టూ సిస్టర్స్’ అని రాశాడు. నవ్వుకున్నాను గాని, ఆ వారమే నా రైటింగ్ మాక్ టెస్టులో అదే తప్పు కింద ఎర్ర గీత పడిందని గుర్తుకు రాగానే నా నవ్వు ఆగిపోయింది.

కారణం వెదికితే మా ఇద్దరి మాతృభాషల్లోనే దొరికింది. మన భాషలో ‘నా స్నేహితుడికి ఇద్దరు అక్కలు ఉన్నారు’ అంటాం. ఇక్కడ క్రియ అక్కలను అనుసరించి బహువచనమైంది, స్నేహితుడు ‘కి’ విభక్తితో పక్కకు తప్పుకున్నాడు. రష్యన్‌లోనూ అంతే: ‘ఉ మెన్యా యెస్త్ మషీనా’ అంటే ‘నా దగ్గర కారు ఉంది’ అని అర్థం, అక్కడ కర్త కారే. లేదనడానికి మనకు ‘లేదు’ ఉన్నట్టే వారికి ‘న్యెత్’ ఉంది. ‘ఆమెవి నీలి కళ్లు’ అని మనం క్రియ లేకుండా చెప్పినట్టే, వారూ అలాంటిచోట ‘యెస్త్’ను వదిలేస్తారు. వార్డులో రోగులను ‘మీకు అలర్జీ ఉందా’ అని రష్యన్‌లో అడగడం నాకు అంత తేలికగా పట్టుబడిందంటే ఇదే కారణం. కలిగి ఉండటానికి ‘ఇమేత్’ అనే క్రియ వారికి లేకపోలేదు గాని, ‘హక్కు కలిగి ఉండు’ వంటి పలుకుబళ్లకే అది ఎక్కువగా అతుకుతుంది. మన ‘కలిగియున్నాడు’ కూడా ఇంట్లో మాట్లాడే మాట కాదు కదా! ఇంగ్లీషు మాత్రం యజమానినే కర్తగా నిలబెట్టి, క్రియను అతని వెంట నడిపిస్తుంది. కాబట్టి రాసేముందు ‘ఎవరి దగ్గర’ అని ప్రశ్నించుకొని, ఆ మనిషిని బట్టి ‘హ్యావ్’, ‘హ్యాజ్’ ఎంచుకోవడం అలవాటు చేసుకున్నాను.

మనవాళ్లకు ప్రత్యేకమైన జబ్బు మరొకటుంది: ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’. రష్యన్ క్రియకు ఇంగ్లీషులో వలె విడిగా కొనసాగే కాలరూపం లేదు కనుక ఆ కుర్రాడు ఈ తప్పు ఎన్నడూ చేయలేదు. సొంతమైన వాటికీ, బంధువులకూ ఈ రూపం వాడకూడదు. ‘హ్యావింగ్ లంచ్’ మాత్రం సరైనదే, ఎందుకంటే అక్కడ అర్థం తినడమే.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. ‘వెళ్లకూడదు’, ‘వెళ్లనక్కర్లేదు’ అని తెలుగు స్పష్టంగా విడదీస్తుంది కనుక ‘మస్ట్ నాట్’, ‘డోంట్ హ్యావ్ టూ’ మధ్య తేడా నాకు వెంటనే అర్థమైంది. రష్యన్ ‘నే దోల్జెన్’ సందర్భాన్ని బట్టి రెండు వైపులకూ మొగ్గుతుంది కాబట్టి అతను చాలా రోజులు తికమకపడ్డాడు. అలాగే క్షౌరశాలకు వెళ్లొచ్చిన రష్యన్ ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అంటే సరిపోతుంది. మనం ‘కటింగ్ చేయించుకున్నాను’ అంటాం. ఆ ‘ఇంచు’ వినిపించిన ప్రతిచోటా ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ నిర్మాణం వాడవచ్చునేమో చూడండి. స్పీకింగ్‌లో మార్కులిచ్చే నాలుగు అంశాలలో వ్యాకరణ వైవిధ్యం, కచ్చితత్వం ఒకటి. ఇలాంటి వాక్యం ఒకటి సహజంగా పడితే మేలే.

నా పరీక్షలో రెండో భాగానికి, ఒక నిమిషం ఆలోచించుకొని, చిన్ననాటి వస్తువు గురించి మాట్లాడవలసి వచ్చింది. ఇంత సాధన చేసి కూడా ‘ఐ వాజ్ హ్యావింగ్ ఎ బైసికిల్’ అనేశాను. వెంటనే ‘ఐ హ్యాడ్’ అని దిద్దుకొని, ఆగకుండా సైకిలు గొలుసు ఊడిన కథలోకి వెళ్లిపోయాను. స్పీకింగ్‌లో తొమ్మిదికి 7 వచ్చింది.