వెనక్కి తొక్కితే ఆగే సైకిల్

మా నెల్లూరులో సైకిల్ తొక్కేవాళ్ళ కాళ్ళు చూడండి. ముందు బండి అడ్డం వస్తే, సందు మలుపు తిరుగుతుంటే పెడల్‌ని ఊరికే వెనక్కి తిప్పుతుంటారు. ఫిన్లండ్‌లోని ఔలులో నేను పనికి వెళ్ళే సైకిల్ మీద అలా తిప్పితే బండి ఆగిపోతుంది. దాని బ్రేకు వెనక చక్రం హబ్బు లోపల, అంటే చక్రం నడిమధ్య ఇరుసు ఉండే గుండ్రటి భాగంలో ఉంటుంది. పెడల్‌ని వెనక్కి నొక్కడమే బ్రేకు వేయడం.

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మా చిన్నాయన కొడుకు అడిగాడు. వచ్చే ఆగస్టులో వాడూ చదువుకోడానికి ఔలు వస్తున్నాడు. "అంత చలిలో సైకిల్ ఏందన్నా, బస్సులు లేవా?" అన్నాడు. ఉన్నాయి. కానీ ఆ ఊళ్ళో సైకిల్ దారుల మీద మంచును యంత్రాలతో తోసి చదును చేస్తారు, చిన్నపిల్లలు కూడా సైకిళ్ళ మీదే బడికి పోతారు. చలికాలపు సైక్లింగ్ మీద మొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో అక్కడే జరిగింది. ఇంత చేసిపెట్టిన ఊళ్ళో తొక్కకుండా ఉండటం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

వాడికి ఎక్కువగా చెప్పింది బ్రేకు గురించే. రిమ్ము మీద మంచు అంటుకుంటే రబ్బరు బ్రేకులు జారతాయి. కేబుల్లోకి నీళ్ళు దిగితే గడ్డకడతాయి. హబ్బు లోపలి బ్రేకుకు ఈ బాధ తక్కువ. పైగా ఐస్ మీద ముందు బ్రేకు గట్టిగా పడితే ముందు చక్రం జారి మనిషి పడిపోతాడు. ఇది వెనక చక్రాన్నే పడుతుంది, అయినా మెల్లగానే నొక్కాలి.

అసలు ఇబ్బంది మళ్ళీ బయల్దేరేటప్పుడు. పెడల్‌ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోలేం. అందుకే ఆగేటప్పుడే మొదట తొక్కే పెడల్ కాస్త పైన ఉండేలా చూసుకుని ఆగాలి. ఇది కాళ్ళకు అలవాటు కావాలంటే నేల పొడిగా ఉన్నప్పుడే, ఆగస్టు, సెప్టెంబరుల్లో తొక్కాలి.

పైన చిన్న చిన్న లోహపు మేకులు పొదిగిన మేకుల టైర్లు ఐస్‌ను బాగా పట్టుకుంటాయి. కొత్తగా పడిన మెత్తటి మంచులో మాత్రం మైపాడు బీచ్ ఇసుకలో లాగా ముందు చక్రం దాని ఇష్టానికి లాగుతుంది. అప్పుడు హ్యాండిల్‌తో పెనుగులాడకూడదు, వదులుగా పట్టుకుని తొక్కుతూనే ఉండాలి. సీటు కొంచెం దించుకుంటే కాలు వెంటనే నేలకు ఆనుతుంది, టెన్షన్ తగ్గుతుంది. డిసెంబరు చివర పగలు నాలుగు గంటలు కూడా ఉండదు కాబట్టి లైట్లు తప్పనిసరి. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, లైటు విప్పి లోపలికి తెచ్చుకోవాలి.

టైర్లు మాత్రం అక్టోబరు మొదట్లోనే మార్పించుకోమన్నాను. తొలి మంచు పడ్డాక రిపేరు షాపుల్లో ఖాళీ దొరకదు.