చిన్నాయన ఆర్‌డీ ఇంజిన్‌ను ఇంట్లోనే దించిన వైనం

ఈ బండి మా చిన్నాయనది. రాజ్‌దూత్ 350, 1984 మోడల్, హై టార్క్ (ఎక్కువ శక్తి ఉన్న రకం). యమహా ఆర్‌డీ 350నే ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో మన దేశంలో ఈ పేరుతో తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, 30.5 హార్స్‌పవర్. చిత్తూరు కట్టమంచిలో మా వీధి మొదట్లో దాని శబ్దం వినిపిస్తే చాలు, మా జేజి సంగటి వడ్డించడానికి లేచేది. ఇప్పుడు చిన్నాయనకు మోకాళ్ళు సహకరించడం లేదు, బండి నా చేతికి వచ్చింది.

పోయిన ఏడాది కుడి సైలెన్సర్ ఒక్కటే తెల్లగా, దట్టంగా పొగ వదలడం మొదలుపెట్టింది. ఎడమది శుభ్రంగానే ఉంది. గేర్ ఆయిల్ చూస్తే తగ్గుతోంది, బండి కింద మాత్రం ఒక్క చుక్క మరక లేదు. ఈ రెండూ కలిపి చూస్తే జబ్బు తెలిసిపోతుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలు, గాలి కలిసి క్రాంక్ గదిలో (పిస్టన్ల కింద క్రాంక్ ఇరుసు తిరిగే గది) నుంచే పైకి వెళ్తాయి. ఆ గదికీ క్లచ్ గదికీ మధ్య కుడివైపు ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది పోతే గేర్ ఆయిల్‌ను ఇంజిన్ లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. ఆ సీలు కోసం క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ కింది పెట్టె, విప్పాలి. ఎలాగూ విప్పుతున్నాం, మొత్తం ఇంజిన్ పని చేయిద్దాం అనుకున్నాను.

షెడ్డులో వదలడానికి మాత్రం మనసు ఒప్పలేదు. అయిదేళ్ళ కిందట ఒక చోట వారం రోజులు వదిలితే, అసలు మికూని కార్బురేటర్ ఒకటి పోయి దాని బదులు అరిగిపోయినది వచ్చింది. అడిగితే "ఇదే సార్ మీది" అన్నారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ బండి సామాను ఒకసారి చేయి దాటితే మళ్ళీ దొరకదు. అందుకే ఇంజిన్ ఇంట్లోనే దించాలని తీర్మానించుకున్నాను.

శనివారం పొద్దున బండిని వసారాలో మెయిన్ స్టాండు వేసి నిలబెట్టాను. బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు తీశాను, గేర్ ఆయిల్ దించాను. పెట్రోలుతో పాటు కాలే టూటీ ఆయిల్‌ను ఇంజిన్‌కు అందించే ఆటోల్యూబ్ పంపుకు వచ్చే పైపు చివర ఒక బోల్టు దూర్చి మూశాను, లేకపోతే ఆయిల్ అంతా నేలపాలే. ప్రతి వైరునూ విప్పేముందు ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను. ఇక మౌంటింగ్ బోల్టుల మీద స్పానర్ పెట్టబోతుంటే కుర్చీలో కూర్చున్న చిన్నాయన ఆపాడు.

"ముందు స్ప్రాకెట్ నట్టు వదులు చేసుకో నాయనా. ఇంజిన్ కిందికొచ్చినాక దాన్ని దేంతో పట్టుకుంటావు?"

ఇంజిన్ దించాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది ఇదే. చైను ఉండగానే, గేరులో వేసి, ఎవరినైనా వెనక బ్రేకు గట్టిగా తొక్కమని, లాక్ వాషర్ మడత విప్పి ఆ స్ప్రాకెట్ (చైనును నడిపే పళ్ళ చక్రం) నట్టు తిప్పాలి. కుడి కవర్ తీసి క్లచ్ నట్టు కూడా అప్పుడే వదులు చేసుకోవాలి. క్రాంక్ మీది గేరు నట్టుకు, రెండు గేర్ల పళ్ళ మధ్య చిన్న రాగి ముక్క పెడితే అవి తిరగకుండా ఆగుతాయి. ఎడమవైపు కరెంటు పుట్టించే రోటర్‌కు పుల్లర్ (లాగి ఊడదీసే పనిముట్టు) తప్పనిసరి, సుత్తితో కొట్టకూడదు.

కవర్ స్క్రూలే నా ప్రాణం తీశాయి. జపాన్ బండ్ల స్క్రూల గాడి మన మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు సరిగ్గా అతకదు, బలం పెడితే జారి తల అరిగిపోతుంది. ఒకదాని తల మీద ఎప్పుడో ఎవరో ఉలితో కొట్టిన గాట్లు ఉన్నాయి. రాత్రంతా డీజిల్ పోసి నానబెట్టాను. తెల్లారి ఇంపాక్ట్ డ్రైవర్ ఆనించి సుత్తితో మూడు దెబ్బలు వేస్తే, నాలుగో దానికి సన్నగా "టిక్" అంది. తుప్పు పొడి రాలి స్క్రూ పావు చుట్టు తిరిగింది. చిన్నాయన కుర్చీలో నుంచి ముందుకు వంగి చూశాడు. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. అందుకని అట్టపెట్టె మీద కవర్ ఆకారం గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోట గుచ్చాను.

హెడ్లు, సిలిండర్లు ఫ్రేములో ఉండగానే తీసేశాను. బరువు చాలా తగ్గుతుంది. పిస్టన్ పిన్ను క్లిప్ తీసేముందు క్రాంక్‌కేసు నోట్లో గుడ్డ కుక్కాలి, క్లిప్ లోపల పడిందంటే మళ్ళీ వెతుకులాటే. పాత క్లిప్‌లు మళ్ళీ వాడకూడదు. పిస్టన్ తల మీద మసి తుడిస్తే 50 అనే అంకె కనిపించింది. అసలు బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 64 మిల్లీమీటర్లు, 50 అంటే అర మిల్లీమీటరు ఎక్కువ, అంటే ఇది ఇప్పటికే 64.50కి బోరు చేసిన ఇంజిన్.

దించడానికి పట్టింది పది నిమిషాలే. ఫ్రేము గొట్టాలకు పాత సైకిల్ ట్యూబు చుట్టాం, రంగు గీరుకోకుండా. మంచానికి వాడే నవారు ఇంజిన్ కింద నుంచి తిప్పి ఒక కొస నేను, ఒక కొస మా తమ్ముడు పట్టుకున్నాం. "అన్నా, నువ్వు చెప్పినాకే ఎత్తుతా" అన్నాడు వాడు. ఎత్తి, కొంచెం వాల్చి, పక్కకు తెచ్చి గోనెసంచి మీద ఉంచాం.

ఆ సాయంత్రమే క్రాంక్‌కేసు విప్పాను. కుడి సీలు ప్లాస్టిక్‌లా గట్టిపడి, పెదవి ఒకచోట చీలి ఉంది. ఒక కనెక్టింగ్ రాడ్ పట్టుకుని పైకీ కిందకీ లాగితే సన్నగా ఆడుతోంది, అంటే క్రాంక్ దగ్గర దాని బేరింగ్ అరిగింది. క్రాంక్ మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. దాన్ని ప్రెస్సులో విడదీసి, మళ్ళీ కూర్చి, వందోవంతు మిల్లీమీటర్లలో సరిచూడాలి. వచ్చే వారం గుడ్డలో చుట్టుకుని నేనే చెన్నై తీసుకుపోతాను, పని అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను.

ఆర్‌సీ బుక్కులో ఉన్న నంబరు చెక్కిన క్రాంక్‌కేసు మాత్రం ఇల్లు కదలలేదు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పాత పంచెలో చుట్టి చిన్నాయన మంచం కింద పెట్టాం. ఎక్కడ పెట్టమంటావని అడిగితే ఆయనే ఆ చోటు చూపించాడు.