ఎంవీ అంటే ఏందో తెలియక పోగొట్టుకున్న మొదటి వీసా

నిన్న హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ పని అయిపోయింది. కేబుల్ జాయింటర్‌గా, అంటే కరెంటు కేబుళ్లు అతికే పనికి పోతున్నా. మా జగిత్యాల దిక్కు పిల్లలు ఎట్ల అయింది అన్నా అని ఒకటే ఫోన్లు, అందుకే వేడి మీద రాసేస్తున్నా. ఇది రెండో ప్రయత్నం. మొదటిది ఎట్ల మునిగిందో చెప్పడానికే ఇదంతా.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు, అప్రెంటిస్ ఒక ఏడాది. తర్వాత బాలానగర్‌లో ఒక ప్యానెల్ బోర్డుల షెడ్డులో మూడేళ్లు బస్‌బార్లు (కరెంటు మోసే లోహపు పట్టీలు) వంచాను. ఆ తర్వాత ఐదేళ్లు ఒక మేస్త్రి వెంట తిరిగి 11 కేవీ (11 వేల వోల్టుల) కేబుల్ జాయింట్లు. రోడ్డు పక్క గుంతలో నీళ్లు తోడుకుంటూ, పైన టార్పాలిన్ కట్టుకుని, రాత్రి రెండింటికి గ్యాస్ టార్చ్ వెలిగించిన రోజులున్నాయి. గొప్పలకు కాదు గానీ (సరే, గొప్పలకే), నేను సొంతంగా వేసిన జాయింట్ ఒక్కటి కూడా ఇప్పటిదాకా పేలలేదు.

పాస్‌పోర్టు సులువే. పదో తరగతి పాసైన మెమో ఉంటే ఈసీఆర్ (పని మీద దేశం దాటడానికి సర్కారు అనుమతి) బాధ లేదు. ఏజెంటుతోనే తంటా. రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోవద్దని సర్కారు నిబంధన. మావాడు 90 అన్నాడు. రసీదు అడిగితే "నమ్మకం లేదా తమ్మీ" అన్నాడు. లేకనే కదా అడిగింది! నా బయోడేటా కూడా వాళ్ల ఆఫీసు పిల్లగాడే కొట్టాడు: "ఎల్‌వీ, ఎంవీ పనుల్లో ఎనిమిదేళ్ల అనుభవం." లో వోల్టేజీ, మీడియం వోల్టేజీ అన్నమాట. బాగుందనిపించి సంతకం పెట్టాను.

ఇంటర్వ్యూ గదిలో బల్ల అవతల కంపెనీ ఇంజనీరు, పక్కన మా ఏజెంటు. హిందీలో అడిగాడు, ఎంవీ ఎన్నేళ్లు చేశావని.

ఐటీఐలో మా సారు బోర్డు మీద రాయించిన పట్టిక కళ్ల ముందు కదిలింది. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్. 250 వోల్టుల దాకా లో, 650 దాకా మీడియం, 33 కేవీ దాకా హై, ఆ పైన ఎక్స్‌ట్రా హై. ఎంవీ అంటే మీడియం, మీడియం అంటే మన త్రీఫేజ్ 440. "మూడేళ్లు సార్, ప్యానెల్ బోర్డులు" అన్నాను ధైర్యంగా.

"ఎంవీ కేబుల్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత?"

"230 సార్."

"మెగ్గర్ ఎంతది పెడతావ్?" ఇన్సులేషన్ పరీక్షించే మిషన్ అది.

"500 వోల్టులది సార్."

పెన్ను కింద పెట్టేశాడు. ఏజెంటు వైపు తిరిగి, "జాయింటర్ కావాలంటే బల్బులు మార్చేవాణ్ణి తెచ్చావేంటి?" అన్నాడు. ఏజెంటు పళ్లికిలించాడు. నా పైసలు తిన్నోడు నన్ను చూసి నవ్వుడు, అది ఇప్పటికీ మండుతుంది.

"హెచ్‌టీ కూడా ఐదేళ్లు చేసిన సార్" అన్నాను, హై టెన్షన్ అని. "హెచ్‌టీనా? 132 కేవీ చేశావా?" "లేదు సార్." "మరేం చేశావ్?" నోరు పెగలలేదు. 11 కేవీ అనే ఒక్క ముక్క బయటికొస్తే చాలు, రాలేదు. ఆయన అప్పటికే పక్కవాడి ఫైలు తెరిచాడు.

మెట్ల మీద కూర్చుంటే శ్రీకాకుళం ఆయన ఒకాయన పలకరించాడు, మస్కట్‌లో ఆరేళ్లు చేసొచ్చినాయన. "ఏటయింది తమ్ముడూ?" చెప్పాను. ఆయన నవ్వలేదు. అక్కడ 1000 వోల్టుల దాకా అంతా ఎల్‌వీయేనట. మనం హెచ్‌టీ అనే 11, 33 వాళ్లకు ఎంవీ. అంటే మా సారు ఎంవీకి నేను చెప్పినవన్నీ సరే, ఇంజనీరు ఎంవీకి అన్నీ తప్పే. 11ని రూట్ 3తో భాగిస్తే 6.35 కేవీ, అదీ ఆయనకు కావలసిన జవాబు. ఆ అంకె కేబుల్ తొడుగు మీదే అచ్చేసి ఉంటుంది, 6.35/11 కేవీ అని. ఐదేళ్లు దాని మీదే కత్తి పెట్టి కోశాను. మెగ్గర్ కూడా రోజూ పట్టుకునేది 5 కేవీదే.

మన దగ్గర ఒక పేరు, గల్ఫ్‌లో ఒక పేరు ఉంటుందని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. రెండేళ్లలో మా సారుకు ఆ ఐదు నిమిషాలు దొరకలేదు, చాయ్‌కి మాత్రం రోజుకు మూడుసార్లు దొరికింది.

నాలుగు నెలల తర్వాత వేరే ఏజెంటు, వేరే కంపెనీ. ఈసారి బయోడేటా నేనే రాసుకున్నా: 11 కేవీ, మూడు కోర్ల 300 చదరపు మి.మీ. ఎక్స్‌ఎల్‌పీఈ (ప్లాస్టిక్ ఇన్సులేషన్ కేబుల్), హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టాల) జాయింట్లు, ఎండ్ టర్మినేషన్లు (కేబుల్ కొస కట్టే పని). ఎల్‌వీ, ఎంవీ, హెచ్‌టీ అన్న మాటే లేదు. మీరూ అంకెలే రాయండి. "ఆల్ రౌండర్" అని రాస్తే మాత్రం నా దగ్గరికి రాకండి. ఇంటర్వ్యూ రెండు నిమిషాల్లో అయిపోయింది.

ప్రాక్టికల్‌కు ఎండ్ టర్మినేషన్ ఇచ్చారు. నా సంచిలో ఎప్పుడూ ఒక గాజు పెంకు ఉంటుంది. కేబుల్ లోపల తెల్లటి ఇన్సులేషన్ మీద ఉండే నల్లటి సెమీకాన్ పొరను దాంతో గీకి తీయడం మేస్త్రి నేర్పిన విద్య. పెంకు బయటికి తీయగానే పరీక్ష పెట్టే సారు "అది లోపల పెట్టు" అని స్ట్రిప్పర్ టూల్ చేతికిచ్చాడు. అంతకుముందు రెండుసార్లు పట్టుకున్నానేమో. బ్లేడు తక్కువ లోతుకు పెట్టి మెల్లగా తిప్పాను. అక్కడక్కడ నల్లచారలు మిగిలితే అల్యూమినియం ఆక్సైడ్ ఎమెరీతో రుద్దాను. నలుపు ఆగి తెలుపు మొదలయ్యే అంచు ఉంటుంది చూడండి, ప్రాణమంతా అక్కడే. అక్కడ కత్తి గీత పడితే ఈ రోజు నిలబడినా కొన్నాళ్లకు పేలుతుంది. ఆయన వచ్చి ఆ అంచు మీద గోటితో ఒక చుట్టు తడిమాడు. తర్వాత సాల్వెంట్ గుడ్డ తీసుకుని తెలుపు మీద నుంచి నలుపు వైపు తుడిచాను. వెనక్కి తుడిస్తే ఆ నలుపంతా తెలుపుకు పూస్తుంది. నా క్రింపింగ్ (తీగ కొసకు లగ్గు నొక్కి బిగించడం) ఎంత ముచ్చటగా వచ్చిందో ఆయన చూడనేలేదు, గుడ్డ ఎటు పోతుందో అదే చూశాడు. "చాలు, టార్చ్ వెలిగించు" అన్నాడు. అప్పుడే అర్థమైంది పాసయ్యానని.

వీసా సెంటర్‌లో మెడికల్, ఒప్పందం, వేలిముద్రలు అన్నీ ఒకేచోట. ఒప్పందంలో జీతం, పని పేరు ఏజెంటు చెప్పినవేనా అని చూసుకున్నాకే సంతకం పెట్టండి, వెనక లైను ఎంత ఉన్నా సరే. వేలిముద్రలే నాకు మూడుసార్లు తీశారు, ఎమెరీకీ సాల్వెంట్‌కీ బొటనవేలి గీతలు అరిగిపోయాయి. మిషన్ దగ్గరి అమ్మాయి విసుక్కోకుండా "ఏం పని చేస్తారండీ?" అని అడిగింది.

"11 కేవీ" అన్నాను.