ఫాంగ్‌షెంగ్ వంతెన, ఐదు కమానులు: తెల్లవారుజాము లాగ్

పని ఒకటే. షాంఘై పడమటి అంచున, చింగ్‌పు జిల్లాలోని జుజియాజియావ్ అనే పాత కాలువల ఊళ్లో ఫాంగ్‌షెంగ్ వంతెన ఐదు కమానులూ నీళ్లలో చెదరకుండా పడిన ఫొటో తీయాలి. 1571లో ఒక బౌద్ధ భిక్షువు చందాలు పోగుచేసి కట్టించిన వంతెన ఇది. కూలిపోతే 1812లో మళ్లీ కట్టారు. పొడవు 70 మీటర్ల పైచిలుకు. ఫాంగ్‌షెంగ్ అంటే ప్రాణులను వదిలిపెట్టడం. దీని కింద వల వేయకూడదని, చేపల్ని తెచ్చి ఇక్కడ నీళ్లలో వదలాలని పాత నియమం.

ముందు ప్రయాణం సంగతి. హోంగ్‌ఛియావ్ రైల్వే స్టేషన్ నుంచి మెట్రో 17వ లైను నేరుగా జుజియాజియావ్ వెళ్తుంది. స్టేషన్ నుంచి పాత ఊరికి ఇరవై నిమిషాల నడక. ఊళ్లోకి టికెట్ లేదు, లోపలి తోటలకీ ఇళ్లకీ మాత్రమే. అయితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తొలి మెట్రో ఎక్కినా సూర్యోదయం దక్కదు. చైనా అంతటికీ గడియారం ఒక్కటే, షాంఘై తూర్పు కొసన ఉంది. అందుకే జూన్‌లో 4:50కే సూర్యుడు వచ్చేస్తాడు. రాత్రి ఊళ్లోనే ఉండాలి. గది మాట్లాడేటప్పుడే విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటారా అని అడగాలి. విదేశీయుల బసను 24 గంటల్లోగా పోలీసులకు నమోదు చేయాలి, ఆ పని తెలియని చిన్న బసలవాళ్లు గుమ్మం దగ్గరే వద్దంటారు. తలుపు లోపల గడియ వేసుకుని పడుకునే ఇళ్లూ ఉంటాయి కాబట్టి రాత్రే చెప్పి ఉంచాలి: “మింగ్ జావ్ ఊ తియెన్ ఛూ మెన్”, రేపు పొద్దున ఐదింటికి బయటికి వెళ్తాం అని. గూగుల్ మ్యాప్‌ను నమ్ముకోవద్దు. చైనా మ్యాపుల కొలతల పద్ధతి వేరు, దాంతో చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకి పడి కాలువ మధ్యలో నిలబెడుతుంది. అక్కడివాళ్లు వాడే అమ్యాప్ ఫోన్‌లో వేసుకోవాలి. డబ్బు అలీపే అనే ఫోన్ చెల్లింపు యాప్‌లో, వీసా కార్డు కలిపి. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి అదనంగా 3 శాతం పడుతుంది.

ఉదయం 1. మార్చి చివర, సూర్యోదయం దాదాపు 5:55.

వంతెన దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. పడమటి వైపు నిలబడి తూర్పుకి చూస్తే వెనక ఆకాశం వెలుగుతుంది, కమానులు నల్లగా తేలతాయి. 5:30కి కెమెరా సెట్టింగులు ఐఎస్ఓ 100, ఎఫ్/8, షట్టర్ 10 సెకన్లు. పావుగంట తర్వాత 2 సెకన్లు చాలు. ఫ్రేమ్ బాగుంది, ప్రతిబింబం లేదు. తప్పు మరేం కాదు, నిన్నటి పోలరైజర్ ఫిల్టర్ లెన్స్ మీదే ఉండిపోయింది. నీటి మెరుపును తీసేయడమే దాని పని, ప్రతిబింబం కూడా ఆ మెరుపే. రాత్రే విప్పి సంచిలో పడేయాలి.

ఉదయం 2. మర్నాడే.

పోలరైజర్ లేదు, అయినా నీళ్లు ఆకుపచ్చ మట్టిరంగులో కనిపించాయి. కెమెరా ఎత్తు కారణం. పై నుంచి చూస్తే నీటి సొంత రంగు ఎక్కువ, ప్రతిబింబం తక్కువ. చూపు నీటి మీద ఎంత వాలుగా పడితే అద్దం అంత బలపడుతుంది. గట్టు మీద నిలువెత్తు ట్రైపాడ్ వదిలేసి రేవు మెట్లు దిగి, నీటికి రెండు అడుగుల ఎత్తున పెట్టాక తేడా కళ్లకి కట్టింది. ఒడ్డు నుంచి కమాను, దాని నీడ కలిసి కోడిగుడ్డు ఆకారమే వస్తుంది. నిండు గుండ్రం కావాలంటే నది మధ్యలోకి వెళ్లాలి. దానికి ఆశపడకపోవడమే మంచిది.

ఈ మెట్ల గురించి ఒక మాట. అడుగు మెట్లు పాచి పట్టి నల్లగా మెరుస్తుంటాయి. తడి గీత కన్నా ఒక మెట్టు పైనే ఆగాలి, ట్రైపాడ్ కాళ్లకి రబ్బరు బిరడాలు ఉండాలి. కూర్చున్న చోటు నుంచే గట్టు రాతిలో తొలిచిన కన్నాలు కనిపిస్తాయి. పడవ తాడు కట్టుకునేవి. తాళ్లు ఒరుసుకుని ఒరుసుకుని కన్నం అంచు లోపలికి అరిగి, వేలు పెడితే గోళీలా నున్నగా తగులుతుంది. పెద్ద లెన్స్ పక్కన పెట్టి 50 ఎంఎం తో ఇవి తీయడానికి ఈ వెలుగే సరైంది.

ఉదయం 3. జూన్ మూడో వారం.

చెప్పుకోదగ్గ ఫ్రేమ్ లేదు. అక్కడ ప్లమ్ పళ్ల వానలు అనే ముసురు కాలం ఇది, జూన్ నడుమ నుంచి జులై దాకా. ఏసీ గదిలోంచి ఉక్కలోకి రాగానే లెన్స్ మీద ఆవిరి కమ్మింది. తుడిచేకొద్దీ మళ్లీ కమ్ముతుంది, ఎందుకంటే చల్లగా ఉన్నది గాజు. బయలుదేరే అరగంట ముందు కెమెరాను జిప్ కవర్లో పెట్టి గది బయట ఉంచితే ఈ తంటా లేదు. వాన తగ్గాక పడవ అలలు వస్తే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్‌తో 60 సెకన్లు పెట్టి చూశాం. అల నున్నబడింది గానీ కమాను నీడ నిలువునా సాగి చారలైంది. ఒక్కో అల ఆకాశంలో వేరే ముక్కను చూపిస్తుంది కదా, వాటన్నిటినీ కలిపేస్తే అలుకుడే మిగులుతుంది. నిశ్చలమైన నీళ్లకి ఫిల్టర్ బదులు కాదు.

ఉదయం 4. నవంబరు నడుమ, బుధవారం. సూర్యోదయం 6:20 ప్రాంతం.

ముందు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది, గాలి లేదు, చలి పెరిగింది. నీళ్లింకా వెచ్చగా ఉంటాయి కాబట్టి ఇలాంటి తెల్లవారుజామున ఆవిరి లేస్తుంది. 5:40కి మెట్ల మీద. 5:50 నుంచి 6:10 దాకా ఇరవై నిమిషాలు నీళ్లు కదల్లేదు. ఐదు కమానులూ పడ్డాయి. మంచు ఉంటే కెమెరాలోని వెలుతురు మీటరు ఫ్రేమ్‌ను బూడిదరంగు చేస్తుంది, వెలుతురును ఒక స్టాప్ దాకా, అంటే రెట్టింపు దాకా పెంచాలి. వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సర్దుబాటు, ఆటోలో వద్దు: గట్టు దీపాలు పసుపు, ఆకాశం నీలం, ప్రతి ఫొటోకీ రంగు మారిపోతుంది. 4,000 కెల్విన్ దగ్గర కట్టేయాలి. 6:10 తర్వాత నీటి మీద చెత్త తీసే పడవ వచ్చింది. దాని వెనక అలలు గట్టుకి కొట్టుకుని తిరిగి వస్తాయి, రెండు వైపులా రాతి గోడే మరి, అణగడానికి పదినిమిషాల పైనే పట్టింది.

కాబట్టి టైం చూసుకోవాల్సింది సూర్యుడికి కాదు, మొదటి పడవకి. ముందు రోజు పొద్దున కెమెరా లేకుండా వచ్చి ఆ పడవ ఎప్పుడు వస్తుందో రాసుకుంటే సగం పని అయినట్టే. అక్టోబరు 1 నుంచి వారం సెలవులు, ఏప్రిల్ మొదట్లో పెద్దల సమాధులు శుభ్రం చేసే చింగ్‌మింగ్ పండుగ, మే 1, ఈ మూడింటిలోనూ వెళ్లొద్దు. శని, ఆదివారాలు కూడా.

ఫొటో అయ్యాక ఉత్తర వీధిలోకి నడిస్తే అంగళ్ల చెక్క పలకలు ఒక్కొక్కటీ తీసి గోడకి ఆనిస్తుంటారు. జొంగ్‌జీ పొట్లాల కుండలు అప్పుడే ఆవిర్లు కక్కుతాయి: రెల్లు ఆకులో జిగురు బియ్యం, పంది మాంసం. మాంసం వద్దనుకునేవాళ్లు ఎర్ర బీన్స్ ముద్ద పెట్టింది అడగాలి, పేరు “తౌషా”.

మిగిలినది తూర్పు వైపు నుంచి, రాయి మీద నేరుగా ఎండ పడుతుండగా తీయాల్సిన ఫ్రేమ్. జనవరిలో సూర్యోదయం 6:50 దాటుతుంది. చేతికి వేళ్లు తెరిచిన గ్లవుజులు, బ్యాటరీ ఇంకొకటి లోపలి జేబులో.