జీతం తగ్గాక ఇంటి లెక్క

మాంద్యం పేరు చెప్పి జీతాలు కోశాక మా ఇంట్లో మొదట మొదలైంది స్విచ్‌ల మీద గొడవ. ఫ్యాన్ ఎవరు ఆపలేదు, లైటు ఎవరు వదిలేశారు అని. అక్కడ మిగిలేది చిల్లరే. (మా ఆయన ఇప్పటికీ ఒప్పుకోరనుకోండి!)

బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. ఎవరూ చూడని ఓటీటీలకు నెలనెలా డబ్బు పోతూనే ఉంది. వాటిని ఆపేయడం సులువే. తలనొప్పంతా క్రెడిట్ కార్డుతోనే. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం ఇంత కట్టమని అడిగే మొత్తం, కడితే లేటు ఫీజు తప్పుతుంది, అంతే. మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, పైగా కొత్తగా గీకినదానికి కూడా సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ముందు కార్డు బాకీ మొత్తం తీర్చేశాం. ఇంటి లోన్‌కి అదనంగా కట్టే ఆలోచన మాత్రం పక్కన పెట్టాం. దాని వడ్డీ తక్కువ, పైగా కట్టేసిన డబ్బు అవసరానికి మళ్లీ చేతికి రావడం కష్టం. ఇన్సూరెన్స్ కట్టడం మాత్రం అసలు ఆపలేదు.

కనీసం 3 నుంచి 6 నెలల ఖర్చు చేతిలో ఉండాలంటారు. మేమింకా అంత దూరం రాలేదు. పిల్లలకీ పరిస్థితి చెప్పాం. పెద్దవాడు శ్రద్ధగా విని, "అయితే వైఫై ఉంటుందా, తీసేస్తారా?" అన్నాడు.